ప్లేటు ఎవరిది? పాట ఎవరిది?

పాట గాలిలో పుట్టి గాలిలో కలిసిపోయే వస్తువు. అందుచేతనే మన పూర్వులు దానిని ఆస్తిగా లెక్కించలేదు. పొలమునకు గట్టు ఉన్నది, ఇంటికి గోడ ఉన్నది. పాటకు గట్టూ లేదు, గోడా లేదు. బొబ్బిలి యుద్ధగాథను జంగముకథగా ఒక ఊరిలో రాత్రి పాడితే, తెల్లవారేసరికి ఆ వరుస పొరుగూరి పశులకాపరి నోట పలికేది. దానిని అపహరణమని ఎవరూ అనలేదు. పాడినవానికి అది కీర్తి అనుకొన్నారు.

మనిషి గొంతు ఒక పళ్లెముమీద గీతగా పడిన నాటినుండి ఈ లెక్క మారిపోయినది. గీతకు వెల వచ్చినది. వెల ఉన్నచోటికి యజమాని వచ్చినాడు. యజమానులు ఇద్దరైనచోట వ్యాజ్యము వచ్చినది. ఆ వ్యాజ్యముల చరిత్రను మేమిక్కడ చెప్పదలచినాము. దానిని విజయనగరము, శ్రీకాకుళము సీమలవైపు నిలిచి చూడడము సముచితమని మా అభిప్రాయము. ఏలయన, తెలుగువారి ఇండ్లలో పెట్టె పలికినప్పుడెల్ల వినవచ్చిన గొంతులలో ఎన్నో ఈ సీమలో పుట్టినవి, లేదా ఇక్కడ సాధన చేసినవి. యంత్రము ఎవరిది, ప్లేటు ఎవరిది, చిత్రము ఎవరిది అన్న తగవులు ఒక్కొక్కటిగా కోర్టులకెక్కి తీరినవి. గొంతు ఎవరిది అన్న ప్రశ్న మాత్రము అన్నిటికన్న చివరికి వచ్చినది.

మొదటి తగవు యంత్రమును గూర్చినది. 1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ ఒక గొట్టమునకు తగరపు రేకు చుట్టి, దానిమీద సూదితో మాటను గీసి, ఆ గీతను మరల పలికించినాడు. 1878 ఫిబ్రవరి 19న అతనికి ఫోనోగ్రాఫు పేరిట పేటెంటు లభించినది. పేటెంటు అనగా కొత్త ఉపాయము కనిపెట్టినవాడు దాని మర్మమును లోకమునకు వెల్లడించినందుకు ప్రతిఫలముగా, కొంత గడువువరకు ప్రభుత్వము అతనికి ఇచ్చే ఏకస్వామ్యము. గడువు తీరగానే ఆ ఉపాయము అందరిదీ అవుతుంది.

1886లో చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనే ఇద్దరు తగరమునకు బదులు మైనముమీద గీత చెక్కే పద్ధతికి పేటెంటు పొందినారు. మరుసటి యేడు ఎమిల్ బెర్లినర్ గొట్టమునే మార్చివేసినాడు. బల్లపరుపు పళ్లెముమీద గీతను పక్కవాటుగా నడిపించినాడు. మైనము చెక్కడము పరుల పేటెంటు కాబట్టి, అతడు జింకు పళ్లెమునకు పలుచని మైనపు పూత పూసి, ఆ పూతలో గీత గీసి, ఆమ్లముతో లోహమును తినిపించినాడు. పరుల పొలములో కాలు పెట్టకుండ గట్టుమీద నడిచినట్లున్నది ఈ యుక్తి. ఆ పళ్లెమునుండి అచ్చు తీసి ఎన్ని ప్రతులైనను ఒత్తవచ్చును. గొట్టములకు ఆ వెసులుబాటు తొలినాళ్లలో లేదు. రికార్డు వ్యాపారమునకు పునాది పడినది ఇక్కడనే.

అయినను బెర్లినర్‌కు సుఖము దక్కలేదు. తన సరకు అమ్మిపెట్టే వర్తకునితోనే అతనికి వైరము వచ్చినది. 1900లో కోర్టు ఉత్తరువు ఫలితముగా, తాను స్థిరపడిన అమెరికాలో తన యంత్రములను తానే అమ్ముకొనే వీలు కోల్పోయినాడు. 'గ్రామఫోను' అన్న పేరు కూడ ఆ దేశపు అంగడినుండి తొలగిపోయినది. అతని యంత్రములు తయారుచేసి ఇచ్చిన ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ 1901లో విక్టర్ కంపెనీని స్థాపించినాడు. విక్టర్, కొలంబియా కొంతకాలము పోరాడి, పోరు నష్టమని గ్రహించి, ఒకరి పేటెంట్లను ఒకరు వాడుకొనే ఒడంబడికకు వచ్చినవి. ఇంతమంది న్యాయవాదులు వాదించిన యీ వ్యాజ్యములలో పాడినవారి ప్రస్తావన ఒక్కటియు లేదు.

బాకా ముందు కూర్చున్న కుక్కబొమ్మను మన పెద్దలందరు ఎరుగుదురు. ఆ బొమ్మలో కూడ ఈ స్పర్ధ దాగియున్నది. ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఆంగ్ల చిత్రకారుడు మొదట చిత్రించినది గొట్టముల ఫోనోగ్రాఫు ఎదుట చెవి రిక్కించి కూర్చున్న కుక్కను. 1899లో లండనులోని గ్రామఫోను కంపెనీ ఆ చిత్రమును కొనదలచి, పాత యంత్రమును చెరిపి దానిచోట తమ గ్రామఫోనును వేయమన్నది. అతడట్లే రంగు పూసినాడు. మూలచిత్రమును తగిన వెలుతురులో చూస్తే కొత్త రంగు అడుగున పాత యంత్రపు ఆకారము నేటికిని కనబడుతుందని చెప్పుదురు. కుక్క వింటున్నది యజమాని గొంతునే. యంత్రము మాత్రము చేతులు మారినది.

ఆ గ్రామఫోను కంపెనీ మనుష్యులు 1902లో కలకత్తాకు వచ్చినారు. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు ఆ నవంబరులో గౌహర్ జాన్ పాటలను ముద్రించినాడు. పాట చివర ఆమె తన పేరును ఆంగ్లములో తానే ప్రకటించేది. ఇది కీర్తికాంక్షతో చేసినది కాదు. మూల పళ్లెములు సముద్రము దాటి జర్మనీలోని హానోవరుకు వెళ్లి అక్కడ అచ్చు కావలెను. మన భాష తెలియని అక్కడి పనివారు ఏ పళ్లెము ఎవరిదో పోల్చుకొనుటకు ఆ ఏర్పాటు చేసినారు. గాయని పేరు మొట్టమొదట ప్లేటులోనికి ఎక్కినది కార్ఖానా సౌకర్యము కొరకని తెలిసినప్పుడు కొంత నవ్వు, కొంత నొప్పి కలుగుతవి. 1908లో కలకత్తాలోనే కార్ఖానా వెలసిన పిదప ఆ సముద్రయానము తప్పినది.

కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పోటీదారులు త్వరలోనే వచ్చినారు. ఓడియన్ అనే జర్మన్ కంపెనీ ప్లేటుకు రెండువైపులా పాట ముద్రించి, ఒక వెలకు రెండు పాటలు అమ్మజూపినది. ఫ్రాన్సుదేశపు పాథే ప్లేటులో గీత పక్కవాటుగా కాక ఎగుడు దిగుడుగా సాగేది. అది మొదట లోపలి అంచున మొదలై వెలుపలికి నడిచేది. దానికి ఉక్కుసూది పనికిరాదు, నీలపురాయి ములికి కావలెను. ఒక కంపెనీ యంత్రము కొన్న గృహస్థు మరొక కంపెనీ ప్లేటు తెచ్చుకొంటే పాటకు బదులు గీరుడు వినవలసి వచ్చేది. ఇట్టి చిక్కు తరువాతి తరములలో కూడ తప్పలేదు. 1948లో కొలంబియా నిమిషమునకు 33 చుట్లు తిరిగే దీర్ఘకాలపు రికార్డును తెచ్చినది. దానికి పోటీగా మరుసటి యేడే ఆర్.సి.ఎ. విక్టర్ 45 చుట్ల రికార్డును తెచ్చినది. కొనేవాడు ఏ వైపు మొగ్గవలెనో తెలియక తికమకపడినాడు. కంపెనీల పౌరుషమునకు సుంకము చెల్లించేది ఎప్పుడును గృహస్థుడే.

ఇక మన సీమకు వత్తము. 1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజు విజయనగరములో సంగీత కళాశాల నెలకొల్పినారు. అజ్జాడలో పుట్టిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు అందులో ఆచార్యులై, 1936లో దాసుగారి తరువాత అధ్యక్షపదవి స్వీకరించినారు. సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి అక్కడ పాఠము చెప్పినారు. మధూకరము ఎత్తుకొని ఆ పాఠము నేర్చిన కృష్ణాజిల్లా బాలుడు ఘంటసాల వెంకటేశ్వరరావు. ఈ గురువుల విద్య నోటినుండి చెవికి సాగినది. హరికథ అయినచో రాత్రి భోజనములైన పిదప మొదలై తెలతెలవారువరకు నడిచేది. 78 చుట్ల ప్లేటు ఒక పక్కకు పట్టేది మూడు నిమిషములు, లేదా ఆపైన కొంచెము. రాగము విప్పుకొనేలోగా సూది అంచుకు వచ్చేది. ఆ కొలతకు తగినట్లు పాటను కుదించుకోవలసి వచ్చినది మన విద్వాంసులకే. అయినను ప్లేటు చేసిన మేలు కూడ గొప్పది. సంస్థానపు కచేరీకి ఎన్నడు పిలుపు రాని ఇంటిలో, కీ ఇచ్చే పెట్టె ఒక్కటి ఉంటే, ద్వారంవారి కమాను పలికినది.

1930 దశకములో దక్షిణదేశపు అంగడిలో హిజ్ మాస్టర్స్ వాయిస్, కొలంబియా, ఓడియన్, బ్రాడ్‌కాస్టు, హచిన్స్ పేర్లు పోటీపడినవి. కొత్త గొంతుల కొరకు కంపెనీలు పల్లెలు గాలించినవి. సాలూరు దగ్గరి శివరామపురములో 1922లో పుట్టిన బాలుడు సాలూరి రాజేశ్వరరావు పట్టుమని పన్నెండేండ్లయినను నిండకమునుపే హచిన్స్‌వారి పిలుపుమీద బెంగుళూరు వెళ్లి రికార్డులు ఇచ్చినాడు. 1935లో 'శ్రీకృష్ణలీలలు' చిత్రములో కృష్ణుడైనాడు. ఆ తరువాత ఆయన స్వరపరచిన లలితగీతముల రికార్డులు తెలుగు ఇండ్లలో ఎట్లు మారుమ్రోగినవో పెద్దలకు తెలుసును. ఇక కంపెనీల పోటీ సంగతి. కుక్కబొమ్మకు, కొలంబియాకు నడుమ హోరాహోరీ అని కొనేవారు అనుకొనేవారు. కాని 1931లోనే ఇంగ్లండులో ఆ రెండు కంపెనీలు ఏకమై ఇ.ఎం.ఐ. అయినవి. ముద్రలు రెండు, పెట్టె ఒకటి. పైకి పోటీ, లోపల పొత్తు.

ఈ పాటలు చట్టము దృష్టిలో ఎవరివి? 1911 నాటి బ్రిటిష్ కాపీరైటు చట్టమును స్వల్పమైన మార్పులతో 1914లో మన దేశమునకు వర్తింపజేసినారు. పుస్తకమునకు కర్త దానిని వ్రాసినవాడు. చిత్తరువునకు కర్త దానిని గీసినవాడు. రికార్డునకు కర్త ఎవరనగా, మూల ప్లేటు తయారైన నాడు ఆ ప్లేటు ఎవరి సొత్తో వారు! ప్లేటు తయారైననాటినుండి 50 సంవత్సరములు ఆ హక్కు నిలుచును. సాహిత్యము వ్రాసిన కవికి, స్వరము కూర్చినవానికి చట్టములో చోటున్నది. గొంతిచ్చినవానికి మాత్రము ఆ పూట సంభావన ముట్టితే ఋణము తీరినట్లే. తెలుగువారు రికార్డును 'ప్లేటు' అని పిలుచుకొన్నది వాడుక సౌలభ్యము కొరకు; చట్టము మాత్రము ఆ ప్లేటునే యజమానత్వమునకు గుర్తుగా పట్టుకొన్నది.

సినిమా వచ్చిన తరువాత గాయకుడు మరింత వెనుకకు జరిగినాడు. తెరమీద పెదవి ఒకరిది, గొంతు ఒకరిది. 1949లో వచ్చిన 'మహల్' అనే హిందీ చిత్రపు ప్రసిద్ధగీతమును లతా మంగేష్కర్ పాడగా, ప్లేటుమీద ఆమె పేరుకు బదులు 'కామిని' అని పాత్ర పేరు అచ్చయినది. పాడినది ఎవరని జనము అడిగిన పిదపగాని ఆమె పేరు బయటికి రాలేదు.

మన శ్రోతలకు సన్నిహితమైన ఘట్టము 1952లో జరిగినది. సినిమా పాటల విషయమై ఆకాశవాణి కఠినమైన నియమములు పెట్టినది. చిత్రము పేరు చెప్పడము ఉచిత ప్రకటన వంటిదని భావించి, ఇకమీదట పాట వేసినప్పుడు పాడినవారి పేరు మాత్రమే చెప్పుటకు నిశ్చయించినది. నిర్మాతలు ఆగ్రహించినారు. పాటల హక్కులు తమవి కాబట్టి ప్రసారమునకు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకొన్నారు. ఆ సంవత్సరమే సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయసంగీత పక్షపాతి. సినిమా పాటపై ఆయనకు గౌరవము తక్కువ. ఫలితముగా మన రేడియోలో సినిమా పాట దాదాపు మూగవోయినది. శ్రోత ఊరకుండునా? ముల్లు తిప్పి రేడియో సిలోను పట్టుకొన్నాడు. సముద్రము ఆవలి స్టేషను మన పాటలతోనే మన ఇండ్లను గెలుచుకొన్నది. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమైన తరువాతగాని ఆ శ్రోత తిరిగి రాలేదు. ఈ తగవులో ఎవరిది తప్పు అని తేల్చుట మా ఉద్దేశము కాదు. గమనించవలసినది ఒకటే. చిత్రము పేరు చెప్పవలెనా, గాయకుని పేరు చెప్పవలెనా అని రెండు బలమైన పక్షములు అయిదేండ్లు పోరాడినవి. ఆ గాయకుని మాత్రము ఏ పక్షమువారును సంప్రదించలేదు.

స్వతంత్రభారతము 1957లో సొంత కాపీరైటు చట్టము చేసికొన్నది. అందులో సైతము గాయకునికి హక్కు లేదు. అంతకన్న విచిత్రము, సంగీతకృతి అనగా కాగితముమీద వ్రాయబడినది లేక అచ్చయినది మాత్రమే అని ఆ చట్టము నిర్వచించినది. నోటితో నేర్పి చెవితో నేర్చుకొనే మన సంప్రదాయమునకు ఈ కొలబద్ద ఎట్లు సరిపోవును? స్వరము వ్రాసిపెట్టని విద్వాంసుని సొంత వరుస చట్టము కంటికి కనబడదన్నమాట. ఈ నిర్వచనము మారుటకు 1994 వరకు ఆగవలసి వచ్చినది.

1977లో సుప్రీంకోర్టు ఎదుటికి ఒక ముఖ్యమైన వ్యాజ్యము వచ్చినది. ఒకవైపు కవులు, స్వరకర్తల హక్కుల సంఘము. మరొకవైపు తూర్పు భారతపు చిత్రనిర్మాతల సంఘము. ప్రతిఫలమిచ్చి చిత్రము కొరకు కూర్పించుకొన్న సంగీతమునకు, వేరు ఒడంబడిక లేనిచో, నిర్మాతయే తొలి హక్కుదారు అని తీర్పు వచ్చినది. ఆ తీర్పుకు తోడుగా జస్టిస్ కృష్ణయ్యర్ ఒక మాట చేర్చినారు. పాటకు ప్రాణము పోసే గాయకునికి మన చట్టము ఏమియు ఇవ్వకపోవుట వింతయని, ఈ లోటును పార్లమెంటు దిద్దవలెనని ఆయన ఆశయము. ఆ మాట చట్టమగుటకు పదిహేడేండ్లు పట్టినది. 1994లో చేసిన సవరణ 1995 మే 10 నుండి అమలులోనికి వచ్చి ప్రదర్శకుని హక్కును మొదటిసారి గుర్తించినది. అయితే చిత్రములో చేర్చుటకు ఒకమారు ఒప్పుకొన్న గాయకునికి ఆ హక్కు తరువాత నిలువదని ఒక మెలిక మిగిలినది. 2012 సవరణతో కవులు, స్వరకర్తలు తమ రాయల్టీ భాగమును వదులుకొనలేని విధముగా రక్షణ వచ్చినది. వాణిజ్యముగా వాడిన ప్రదర్శనపై గాయకునికి రాయల్టీ, ఫలానావారు పాడినారని చెప్పించుకొనే హక్కు కూడ అప్పుడే వచ్చినవి.

ఈ తేదీల పక్కన మన సీమ గొంతులను నిలిపి చూతము. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసేనాటికి మన చట్టములో గాయకుని హక్కు అన్న మాటయే లేదు. పి. సుశీల 1935లో విజయనగరములో పుట్టి, అక్కడి సంగీత కళాశాలలో చదివి, మద్రాసు చేరినారు. తొలినాళ్లలో ఎ.వి.ఎం. సంస్థ నెలజీతముమీద ఆమెను గాయనిగా నియమించుకొన్నది. ఆ సంస్థాపకుడు మెయ్యప్పన్ సినిమాలకు ముందు సరస్వతీ స్టోర్సు పేరిట రికార్డుల వ్యాపారము చేసినవాడు. గొంతు విలువ ఎరిగినవాడు. గాయనీమణులకు జాతీయ చలనచిత్ర పురస్కారము ఏర్పడినప్పుడు మొదట అందుకొన్నది సుశీలగారే. 17,695 పాటల లెక్కతో 2016లో గిన్నిస్ గ్రంథము ఆమె పేరు చేర్చుకొన్నది. చట్టము గాయకులను చూచుటకు కన్ను తెరిచేనాటికి ఆమె ప్రఖ్యాతగీతములలో అధికభాగము పాడుట ముగిసినది.

హక్కులు వచ్చిన తరువాత తగవులు ఆగలేదు, రూపు మార్చుకొన్నవి. 2017లో స్వరకర్త ఇళయరాజా తన అనుమతి లేకుండ తన పాటలను కచేరీలలో పాడరాదని, ఆ పాటలలో ఎన్నింటికో గొంతిచ్చిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకే నోటీసు పంపినారు. తన నోట పుట్టిన పాటను తానే పాడరాదా అని జనము ఆశ్చర్యపడినారు. స్వరకర్తవైపు న్యాయము లేదని మేమనము. ఒకే పాటలో కవిది ఒక పాలు, స్వరకర్తది ఒక పాలు, గాయకునిది ఒక పాలు, ప్లేటు యజమానిది ఒక పాలు ఉన్నవి. ఉమ్మడికుటుంబములో పంపకము ఆలస్యమైనకొద్ది అన్నదమ్ముల నడుమ మనస్పర్ధ పెరిగినట్లే ఇక్కడను జరిగినది.

మన సీమలోనే మరొక ఉదాహరణమున్నది. పార్వతీపురము దగ్గరి పెదబొండపల్లిలో 1943లో పుట్టిన వంగపండు ప్రసాదరావు, జననాట్యమండలి స్థాపకులలో ఒకరు, తన ఊరి యాసలో వందలాది పాటలు కట్టి కాలికి గజ్జె కట్టి పాడినారు. ఆ పాటలు జనములో ఎంతగా కలిసిపోయినవనగా, కట్టినవాడు సజీవుడై ఉండగానే అనేకులు వాటిని తరతరాల జానపదములనుకొన్నారు. 2009లో విడుదలైన 'మగధీర' చిత్రములోని ఒక పాటలో తన ప్రసిద్ధగీతపు పల్లవిని అడగకుండ వాడుకొన్నారని ఆయన అభ్యంతరము తెలిపినారు. యాసలో ఉన్నంతమాత్రమున పాట అనాథ కాదు. కాపీరైటు పుట్టుటకు రిజిస్ట్రేషను అక్కరలేదు. కృతి పుట్టిననాడే హక్కు పుట్టును. 2020 ఆగస్టులో ఆయన గతించినారు. 1992 సవరణ ప్రకారము కర్త మరణానంతరము 60 ఏండ్లు లెక్కింతురు గనుక ఆ పాటల హక్కు 2080 చివరివరకు నిలుచును. ఇందుకు భిన్నముగా, 1915లో గతించిన గురజాడ అప్పారావు రచనలకు నాటి 50 ఏండ్ల గడువు 1965తో తీరినది; అవి ఇప్పుడు అందరి సొత్తు. గడువులోపల కర్తకు గౌరవము, గడువు దాటిన పిదప లోకమునకు భోగము అన్న ఈ ఏర్పాటు ధర్మమైనదే. అడగవలసినవానిని అడగకపోవుటలోనే అధర్మమున్నది.

ఇంకను తీరని లెక్క ఒకటి మిగిలినది. తప్పెటగుళ్ల బృందపు పాటకు, నాట్లు వేసే ఆడవారి పాటకు కర్త ఒక్కడు కాడు. ఒక ఊరు, ఒక్కొక్కప్పుడు ఒక సీమ. మన కాపీరైటు చట్టములో ఊరిని కర్తగా గుర్తించే మాట లేదు. అది అసాధ్యమని మాత్రము అనరాదు. ఒక్క పనసమ్రాను తొలిచి గొల్లపల్లి పనివారు చెక్కే బొబ్బిలి వీణకు భౌగోళిక సూచికగా గుర్తింపు లభించినది. ఆ పేరును ఇతరులు తమ సరకుకు తగిలించుకొనరాదు. వీణను చెక్కిన ఊరికి చట్టములో చోటు దొరికినప్పుడు, పాటను కట్టిన ఊరికి దొరకరాదా? అంతవరకు ఆ పాటలను సేకరించేవారు, ప్రసారము చేసేవారు, చిత్రములలో వాడుకొనేవారు చేయగల పని ఒకటున్నది. పాట ఏ ఊరిదో, పాడినది ఎవరో కనుగొని, పాటతోపాటు ఆ పేర్లు కూడ చెప్పవలెను. దానికి ఏ చట్టమును అడ్డము రాదు, ఏ పేటెంటు అనుమతియు అక్కరలేదు.